పెరిగే ప్రోగ్రాముకు పొందిక



పెరంబూరు అనగానే ఎవరికైనా రైలు పెట్టెలు గుర్తుకొస్తాయి. 1955 అక్టోబరు 2న ఆనాటి ప్రధాని నెహ్రూ ఇక్కడ ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని ప్రారంభించారు. మొదట్లో అక్కడ గోడలు, పైకప్పు, అడుగు చట్రం కలిసిన డొల్ల మాత్రమే తయారయ్యేది. లోపల సీట్లు, దీపాలు, పంకాలు అమర్చే విభాగం 1962లో ఏర్పడింది. పాత పెట్టెలను బాగుచేసే క్యారేజ్ వర్క్స్ కూడా పెరంబూరులోనే ఉంది. మరమ్మతుకు వచ్చిన పెట్టెను పైకెత్తి, కింద ఉన్న బోగీలను విడదీసి, వేటి పని వాటికి చేస్తారు. విడదీయడానికి వీలుగా కట్టారు కనుకనే అది సాధ్యమవుతోంది.

కంప్యూటర్ ప్రోగ్రాముకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. ముఖ్యంగా పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు రాసే యువతీయువకులు ఈ సంగతి గమనించాలి. గీడో వాన్ రాసమ్ రూపొందించిన పైథాన్ 1991లో వెలువడింది. ఆర్మిన్ రోనాకర్ 2010లో విడుదల చేసిన ఫ్లాస్క్ సాయంతో పది పంక్తులలోపే ఒక చిన్న వెబ్ అప్లికేషన్ నడపవచ్చు. అంతా ఒకే ఫైలులో ఉంటుంది. చిన్నదానికి అది తప్పు కాదు. చిక్కు అది పెరిగినప్పుడు వస్తుంది.

ఒక ఊహ చేద్దాం. పేటలోని ఒక గ్రంథాలయానికి అప్లికేషన్ రాశారు. పుస్తకం ఆలస్యంగా తెచ్చినవారికి రోజుకు రూపాయి జరిమానా. ఈ లెక్కను పుస్తకం తిరిగి తీసుకునే చోట ఒకసారి, సభ్యులకు పంపే నోటీసులో ఒకసారి, సంవత్సరాంత నివేదికలో మరోసారి రాశారు. కొన్నాళ్లకు సెలవు రోజులకు జరిమానా వద్దని కార్యవర్గం తీర్మానించింది. ప్రోగ్రామరు ఒకచోట దిద్ది, రెండుచోట్ల మరచిపోయాడు. నోటీసులో పది రూపాయలని ఉంటుంది, బల్ల దగ్గర ఎనిమిదే అడుగుతారు. పోయేది రెండు రూపాయలు కాదు, సభ్యులకు ఆ గ్రంథాలయం లెక్కల మీద ఉన్న నమ్మకం.

దీనికి మార్గమేమిటి? మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక్కొక్క భాగంలో దాచి ఉంచాలని డేవిడ్ పార్నస్ అనే శాస్త్రజ్ఞుడు 1972లోనే తన వ్యాసంలో వాదించారు. మన జరిమానా లెక్క అటువంటి నిర్ణయమే. దానిని ఒక ప్రత్యేక ఫంక్షన్‌గా రాయాలి. గడువు తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ, సెలవుల జాబితా ఇస్తే అది సొమ్ము చెప్పాలి. బ్రౌజరు సంగతి దానికి తెలియనక్కరలేదు. అప్పుడు వెబ్ పేజీ తెరవకుండానే, నాలుగు తేదీలు ఇచ్చి ఆ లెక్క సరిగా ఉందో లేదో పరీక్షించవచ్చు.

ఇక ఫైళ్ల విభజన. పైథాన్‌లో ఒక ఫైలు ఒక మాడ్యూలు. కొన్ని మాడ్యూళ్లున్న ఫోల్డరు ఒక ప్యాకేజీ. పుస్తకాలు, సభ్యులు, జరిమానాలు అని విషయాన్నిబట్టి ప్యాకేజీలు చేసుకుంటే, ఒక మార్పుకు ఒక ఫోల్డరు తెరిస్తే చాలావరకు సరిపోతుంది. ఫ్లాస్క్‌లో ఇందుకు బ్లూప్రింట్లు ఉన్నాయి. 2005లో బయటికి వచ్చిన జాంగోలోనైతే ప్రాజెక్టును యాప్‌లుగా విడదీసే పద్ధతి మొదటినుంచీ ఉంది.

విడదీసేటప్పుడు ఒక ముడి పడుతుంది. ప్రధాన ఫైలు పుస్తకాల ఫైలును ఇంపోర్ట్ చేస్తుంది. పుస్తకాల ఫైలు తిరిగి ప్రధాన ఫైలునే అడుగుతుంది. మొదటిది పూర్తిగా సిద్ధం కాకముందే రెండవది అందులోని పేరు కోసం వెతికితే ప్రోగ్రాము ఆగిపోతుంది. ఇందుకు విరుగుడు, డేటాబేస్ వస్తువును ఎవరినీ ఆశ్రయించని వేరే ఫైలులో పెట్టడం, అప్లికేషన్‌ను ఒక ఫంక్షన్ లోపల నిర్మించి భాగాలను అక్కడే కలపడం.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మనం పెట్టెనే బోగీ అంటాం. కార్ఖానాలో బోగీ అంటే చక్రాలతో కూడిన చట్రం. ఒకే మాటకు ఇద్దరు రెండు అర్థాలు చెప్పుకుంటే పని చెడుతుంది. ‘ఇతరములు’ వంటి పేరుతో ఫైలు పెడితే, కొద్దికాలంలోనే అది అటకమీది సామాను అవుతుంది.

అలాగని మొదటి రోజే ఇరవై ఫోల్డర్లు తెరవనవసరం లేదు. అవసరం కనిపించినప్పుడు విడదీయండి. ముందు పరీక్షలు రాసుకోండి. తరువాత ఒక్క విషయాన్ని కదిలించి, పరీక్షలు నడిపి చూడండి. కదిలించే రోజున కొత్త సౌకర్యాలు చేర్చకండి. రెండూ కలిపితే తప్పు ఎక్కడ దొర్లిందో తేల్చడం కష్టం.

రైలు పెట్టెను మరమ్మతు చేయాలంటే పట్టాల మీదినుంచి తప్పించి షాపుకు తెస్తారు. మన ప్రోగ్రాములకు ఆ విశ్రాంతి సాధారణంగా దొరకదు. జనం వాడుతుండగానే వాటిని దిద్దాలి. పైగా దిద్దేవారు మొదట రాసినవారే కానక్కరలేదు. రేపు ఆ బల్లముందు కూర్చునే కొత్త ఉద్యోగి భయపడకుండా ఒక పంక్తి మార్చగలిగితే, ఈనాటి మన పొందిక సార్థకమైనట్టే.