బండి బాగు చేయించాలా, అమ్మాలా? మా సంఘం వేసుకున్న లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



ఈ సంవత్సరం మా సంఘంలో పది మందిమీ కలిసి ఒక నిర్ణయం తీసుకున్నాము. దాని గురించి చెప్పమని సమాఖ్య వాళ్ళు అడిగారు. పాత బండి ఇంజన్ చెడిపోతే ఎట్లా తేల్చుకోవాలి అనేదే ఆ విషయం. బండ్లు ఉన్న సంఘాలు ఇంకా ఉన్నాయి కాబట్టి మా లెక్క మీకు పనికొస్తుందని అనుకుంటున్నాము.

మూడేళ్ళ కిందట 2,60,000 రూపాయలకు సెకండ్ హ్యాండ్ చిన్న ట్రక్కు కొన్నాము. ఊళ్ళో పండే టమోటా మదనపల్లె మార్కెట్‌కు తోలడానికి. సంఘం పేరు మీద బండి పెట్టడం కుదరదని, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ అయిన మా గ్రామైక్య సంఘం పేరు మీద ఆర్‌సీ చేయించాము. మా సభ్యురాలి భర్తే డ్రైవరు. మండీకి వేళకు చేరడం, ఎవరి బాక్సులు వాళ్ళే లెక్క చూసుకోవడం, ఇవన్నీ బండి వచ్చాకే సాధ్యమయ్యాయి.

పోయిన ఏడాది నుంచి బండి లోడు మీద ఎక్కుడులో లాగడం మానేసింది. నీలం పొగ వచ్చేది. నాలుగు ట్రిప్పులకు ఒక లీటరు ఆయిల్ తాగేది. రెండు సార్లు చిన్న చిన్న రిపేర్లకు 26,000 అయింది. అయినా పొగ తగ్గలేదు.

పొగ గురించి మేము తెలుసుకున్నది చెబుతాము. డీజిల్ బండికి నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు ముందు చూడాలి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలిపోతున్నట్టు. బండి వేడెక్కినాక కూడా తెల్ల పొగ ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే గ్యాస్‌కెట్ అనుమానం. ఆయిల్ పుల్ల తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉందంటే ఆయిల్‌లో నీళ్ళు కలిసినట్టే, ఇక బండి నడపకూడదు. కానీ పొగ రంగు చూసి ఖర్చు చెప్పలేము. మొదటి మెకానిక్ విప్పకుండానే 85,000 అన్నాడు. మేము ఇంకో షెడ్డులో కంప్రెషన్ టెస్ట్ చేయించాము. రెండు సిలిండర్లలోనూ బలం తగ్గిందని తేలింది. పిస్టన్ రింగులు, లైనర్లు అరిగాయి, ఫుల్ ఇంజన్ పని చేయాలి, 62,000 అవుతుందని కాగితం మీద రాసిచ్చాడు.

అప్పుడు మీటింగ్ పెట్టాము. ముందు వచ్చిన మాట, "ఇంత డబ్బు పోసినాము, ఇప్పుడు అమ్మితే అంతా నీళ్ళపాలే కదా" అని. దానికి మా పెద్దక్క ఒకామె చెప్పిన మాట అందరికీ పట్టింది. "ఒట్టిపోయిన ఎనుమును ఇంట్లో ఉంచాలా అమ్మాలా అని చూసేటప్పుడు, దాన్ని ఎంతకు కొన్నామని చూస్తామా? ఇక మీద ఈనుతుందా, అంతదాకా మేత ఎంత, అదే కదా చూస్తాము" అనింది. నిజమే. ఆ 26,000 బండి ఉంచుకున్నా రాదు, అమ్మినా రాదు. అందుకని దాన్ని లెక్కలోంచి తీసేశాము.

ఈ రోజు నుంచి ముందుకు లెక్క ఇట్లా రాశాము. ఇంజన్ 62,000. నాలుగు టైర్లు 18,000. ఛాసిస్‌కు తుప్పు పట్టింది, వెల్డింగ్, పెయింటు 17,000. ఇది తప్పించుకోలేము. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, మాది దాటింది. మొత్తం 97,000.

ఇంకొకటి కూడా రాశాము. ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే 88,000 ఇస్తామని బేరం వచ్చింది. అమ్మకుండా ఉంచుకుంటే ఆ 88,000 వదులుకున్నట్టే, అంటే మన బండిని మనమే మళ్ళీ 88,000 పెట్టి కొన్నట్టు. రెండూ కలిపితే 1,85,000. డీజిల్, డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్ పోను బండి మీద నెలకు సగటున 7,000 మిగిలేది. ఆ లెక్కన డబ్బు తిరిగి రావడానికి 26 నెలల పైన పడుతుంది. ఇంజన్ బాగుంటుంది గానీ గేర్‌బాక్స్‌కు, మిగతా వాటికి తాను మాట ఇవ్వలేనని మెకానిక్ ముందే చెప్పాడు. "ఇదే బండి సంతలో ఉంటే, దీని రోగం తెలిసి కూడా 1,85,000 పెట్టి కొంటామా?" అని ఒక్కొక్కరినీ అడిగాము. ఎనిమిది మంది కొనము అన్నారు.

అదే ఇంజెక్టర్ల పని 8,000తో పోయేదైతే, టైర్లు, ఛాసిస్ బాగుండి ఉంటే, మారుమాట లేకుండా బాగు చేయించే వాళ్ళము. పాత బండి అంటే అమ్మేయమని మేము చెప్పడం లేదు.

లెక్కలో రాయలేనిది ఒకటి ఉండింది. బండి పోతే డ్రైవరన్న పని పోతుంది. ఆ అక్క మీటింగ్‌లో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అది చూసి మాకెవరికీ నోరు రాలేదు. అందుకని అమ్మకం తీర్మానంతో పాటు, ఆయనకు వేరే పని దొరికే దాకా ఇల్లు గడవడానికి అంతర్గత అప్పు ఆ అక్కకే ముందు ఇవ్వాలని అదే రోజు తీర్మానం రాశాము. నెలన్నరకు ఆయనకు ఒక మండీ బండి మీద పని దొరికింది.

అమ్మేటప్పుడు ఒక బ్రోకరు, చిక్కటి ఆయిల్ పోస్తే కొన్ని రోజులు పొగ కనబడదు, 1,30,000 ఇప్పిస్తానన్నాడు. అంటే 42,000 ఎక్కువ. చిన్న మొత్తం కాదు. కానీ ఆ బండి కొనేది మనలాంటి ఇంకో సంఘమే అయితే? వాళ్ళ పొదుపు డబ్బు మనం తిన్నట్టే కదా. వద్దన్నాము. సొంత షెడ్డు ఉన్న ఒక మెకానిక్‌కు టెస్ట్ కాగితం చూపించి 88,000కే ఇచ్చాము. ఆయనకు కూలి ఖర్చు ఉండదు, మనకు గిట్టని బండి ఆయనకు గిట్టుతుంది.

కాగితాల విషయం గట్టిగా చెబుతున్నాము, వినండి. డబ్బు తీసుకుని తాళం చెవి ఇస్తే అమ్మకం అయిపోదు. ముందు 46,000 బ్యాంకు అప్పు కట్టి, ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించాము. 29, 30 నంబరు ఫారాలు మీద ఇద్దరమూ సంతకాలు పెట్టాము. అమ్మినట్టు రవాణా శాఖకు 14 రోజుల లోపల తెలపాలి. బండి అప్పగించిన తేదీ, టైము రాసి సంతకం తీసుకున్నాము. ఆర్‌సీలో పేరు మారకపోతే, తర్వాత యాక్సిడెంట్ జరిగినా నష్టపరిహారం భారం ఆర్‌సీలో ఉన్న వాళ్ళ మీదే పడుతుందని 2018లో సుప్రీం కోర్టు కూడా తీర్పు ఇచ్చింది. మనకు అది గ్రామైక్య సంఘంలోని అందరి మీదా పడినట్టే. పేరు మారిన ఆర్‌సీ కాపీ చేతికి వచ్చే దాకా మేము మూడు సార్లు తిరిగాము.

అప్పు పోగా 42,000 మిగిలింది. గ్రామైక్య సంఘం ఖాతాలో ఉంది. ఇప్పుడు టమోటాకు బాడుగ బండి మాట్లాడుకుంటున్నాము. ఒక్కో రోజు బండి ఆలస్యంగా వస్తుంది, కాయ మెత్తబడుతుంది, ఇబ్బంది లేదని చెప్పము. మళ్ళీ బండి కొనాలా వద్దా అనేది ఈ సీజను బాడుగల లెక్క చూసుకుని అనుకుంటాము.

పంచసూత్రాల్లో పుస్తకాలు రాయడం చివరన ఉంటుంది గానీ, మాకు ఆ రోజు దారి చూపించింది అదే. మూడేళ్ళ బండి ఖర్చులు, బాడుగలు ట్రిప్పు ట్రిప్పుకూ రాసి ఉన్నాయి కాబట్టే నెలకు 7,000 అని చెప్పగలిగాము. అది లేకపోతే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాటే నెగ్గేది. బండి ఉన్న సంఘాలు ఈ రోజే ఒక నోటు పుస్తకం పెట్టండి.