ఇంటి దగ్గర కంప్యూటర్‌కు కరెంటు: డబ్బు పంపే ముందు మూడు లెక్కలు

నేను దుబాయ్‌లో బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌ని, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివినోణ్ని. మన రూముల్లో ఈ మధ్య తరచూ వినే మాట ఒకటుంది: "అన్నా, పిల్లలు ఇంటి నుంచే పని చేస్తున్నారు, కరెంటు పోతోంది, ఏం కొనమంటావ్?" అక్కడ షాపువాళ్లు పెద్దది చూపిస్తారు, ఇక్కణ్ణుంచి మనం డబ్బు పంపిస్తాం. పంపే ముందు మూడు లెక్కలు చూసుకోండి.

మొదటిది లోడ్. ల్యాప్‌టాప్ ఛార్జర్ 65 వాట్లు, మానిటర్ 25, వైఫై రూటరూ ఫైబర్ డబ్బా కలిపి 20. మొత్తం 110. డెస్క్‌టాప్ అయితే దానికే 150 నుంచి 200 వేసుకోండి. యూపీఎస్ మీద 600 వీఏ అని ఉంటే 600 వాట్లు ఇస్తుందని కాదు. చాలా చిన్న యూపీఎస్‌లు ఇచ్చేది 360 వాట్లే. వెనక లేబుల్ చదవమనండి.

రెండోది, ఎంతసేపు? చిన్న యూపీఎస్ పావుగంట అటూ ఇటూ ఆగుతుంది. ఫైలు సేవ్ చేసుకోవడానికి సరిపోతుంది. గంటలు కావాలంటే ఇన్వర్టర్. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 1800 వాట్-అవర్లు. పూర్తిగా ఖాళీ చేస్తే బ్యాటరీ పాడవుతుంది, ఇన్వర్టర్ కూడా కొంత తినేస్తుంది. అందుకే 1000 అనుకోండి. 110 వాట్లకు 9 గంటలు. 75 వాట్ల ఫ్యాన్ కలిపితే 5 గంటల పైచిలుకు.

మూడోది, ఎంత వేగంగా మారుతుంది? ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో మారే ఆ క్షణంలోనే డెస్క్‌టాప్ రీస్టార్ట్ కావచ్చు. యూపీఎస్ మోడ్ స్విచ్ ఉన్నది, సైన్ వేవ్‌ది తీసుకోండి.

మా అమ్మాయి జగిత్యాలలో ఇంటి నుంచే పని చేస్తుంది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. కరెంటు పోగానే మీటింగ్‌లోంచి బయటపడేది, మేనేజర్ రెండుసార్లు గట్టిగా అడిగాడట. అందరూ పెద్ద ఇన్వర్టర్ కొనమన్నారు. నేను ఒక్కటే అడిగాను: "అమ్మా, ముందు ఆగేది ఏది?" ల్యాప్‌టాప్ దాని బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, ఆగేది రూటర్! రూటర్ వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయే మినీ యూపీఎస్ తెప్పించాం. చిన్న కోతలకు అదే చాలింది. ఎండాకాలం ఫ్యాన్ లేకుండా కూర్చోలేదు కదా, ఇన్వర్టర్ తర్వాత తీసుకున్నాం.

ఇన్వర్టర్ పెట్టేవాళ్లకు ఇంకో మాట. నీళ్లు పోసే బ్యాటరీని పడకగదిలో పెట్టొద్దు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడాలి. పోసేది డిస్టిల్డ్ వాటరే, బోరు నీళ్లు కాదు. ఇంటి ఎర్తింగ్ కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఛార్జర్, రూటర్ లేబుళ్ల ఫొటోలు పంపమనండి. లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ఉంటాను మరి.