బోదకాలు మాత్ర

ఏ ఊరైనా, మురుగు నిలిచిన చోట క్యూలెక్స్ దోమ పుడుతుంది. బోదకాలు తెచ్చే పురుగును మోసేది అదే. బోదకాలు జబ్బుకు ఇచ్చే డీఈసీ మాత్ర వెనుక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1947లో దీన్ని వెలుగులోకి తెచ్చింది.

ఈ మందు రక్తంలో తిరిగే పిల్ల పురుగులను మన రక్షక కణాలకు పట్టిస్తుంది. ఆ పురుగులు చచ్చేటప్పుడే కొందరికి జ్వరం, తలనొప్పి, వికారం వస్తాయి. మందు వికటించిందనుకుని మాత్రలు చూరులో దోపేయకండమ్మా! చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. అన్నం తిన్నాకే మింగాలి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు.

ఇప్పటికే బాగా వాచిన కాలు మాత్రతో మామూలు కాదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవాలి.