అద్దె కోసం ఫ్లాట్ కొంటున్నారా? హైదరాబాద్ పడమర వైపు ఏరియా ఎలా చూసుకోవాలి

ఈ రోజు మాట్లాడుకునేది మనం ఉండటానికి కొనుక్కునే ఇంటి గురించి కాదు, అద్దెకి ఇవ్వడానికి కొనే ఫ్లాట్ గురించి. ఈ రెండూ ఒకటే అనుకుని కొనేవాళ్లే ఎక్కువ. ఉండటానికి కొంటే మనకి నచ్చాలి, మన పిల్లలకి నచ్చాలి. అద్దెకి కొంటే మన ఇష్టంతో పని లేదండీ. మనకి ముక్కూ మొహం తెలియని ఒక మనిషి పొద్దున్నే లేచి అక్కడి నుంచి ఆఫీసుకి వెళ్లగలగాలి, అంతే.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, కరీంనగర్ నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేశారు. రిటైరయ్యారు. గ్రాట్యుటీ, మిగతావి అన్నీ కలిపి 60 లక్షల దాకా చేతికొచ్చాయి. పెన్షన్ ఉంది గానీ ఆయనకి డయాలసిస్ నడుస్తోంది, నెలనెలా ఇంకో పాతిక వేలు వస్తే ఊపిరాడుతుంది అన్నారు. ఒక ఏజెంట్ కొల్లూరు వైపు ఫ్లాట్ చూపించాడట. చూపించాడు అంటే ఫ్లాట్ కాదు, ఖాళీ స్థలంలో ఒక బోర్డు, చేతిలో ఒక బ్రోచర్. మొత్తం డబ్బు ఇప్పుడే కడితే అడుగుకి రెండు వేలు తక్కువ, పైగా ఫ్లాట్ చేతికొచ్చేదాకా నెలకి ఇంత అని అద్దె కూడా ఇస్తామన్నారట. “బాబూ, శనివారం లోపు కట్టమంటున్నారు, కట్టనా?” అని అడిగారు.

ముందు ఆ సంగతి తేల్చేద్దాం. ప్రీలాంచ్ అనే మాటకి చట్టంలో చోటు లేదు. 2016 రెరా చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రాజెక్టుని రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు. నమోదు అయ్యాక కూడా, అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసి రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇక్కడ నూటికి నూరు శాతం అడుగుతున్నాడు, ఒక్క నంబరూ లేదు. మరి నెలనెలా ఇస్తానన్న ‘అద్దె’ ఎక్కడి నుంచి వస్తుంది? ఇల్లే లేనప్పుడు అద్దె ఏమిటండీ? మీ డబ్బులోంచే కొంచెం కొంచెంగా మీకే తిరిగి ఇస్తాడు, ఆ తర్వాత ఒక నెల ఆగిపోతుంది. టీచరమ్మకి అదే చెప్పాను. శనివారం లోపు అని ఎవరైనా అంటే, ఆ శనివారాన్ని దాటనివ్వండి అన్నాను.

సరే, ఏరియాల్లోకి వద్దాం. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి హైదరాబాద్ పడమరకే సాగుతోంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, ఆ తర్వాత నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, ఇప్పుడు కోకాపేట, నార్సింగి. ఇటు నల్లగండ్ల, తెల్లాపూర్, ఇంకా ముందుకెళ్తే కొల్లూరు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ప్లాట్ ఎకరం వంద కోట్లు దాటింది. ఆ వార్త వచ్చిన మర్నాటి నుంచి చుట్టుపక్కల పది కిలోమీటర్లలో ప్రతి ఏజెంటూ దాన్నే చూపిస్తున్నాడు. కానీ భూమి ధర పెరిగిందని అద్దె పెరగదు. ధర అనేది రేపటి మీద ఆశతో పెరుగుతుంది. అద్దె ఈ నెల జీతంలోంచి రావాలి. అద్దెకుండేవాడు రాబోయే మెట్రోకి ఇవాళ డబ్బు కట్టడు.

మెట్రో అన్నాం కదా, ఒక చిన్న విషయం. మియాపూర్‌లో కొంటే మెట్రో ఉంది అంటారు. నిజమే, 2017 నుంచి ఉంది. కానీ మీ టెనెంట్ ఆఫీసు రాయదుర్గం వైపు అయితే? మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ మారి, మళ్లీ వెనక్కి రాయదుర్గం రావాలి. మ్యాప్‌లో పక్కపక్కనే కనిపించేవి రైల్లో చుట్టుతిరుగుడు. అలాంటి టెనెంట్‌కి మెట్రో కన్నా కొత్తగూడ మీదుగా వెళ్లే బైకే దగ్గర.

బైక్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది, ఇది చాలామంది పట్టించుకోరు. “ఓఆర్ఆర్ ఎగ్జిట్ పక్కనే సార్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పావుగంట” అని కొల్లూరు, వెలిమెల వైపు అమ్ముతారు. కారుకి పావుగంటేనేమో. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు. పాతిక వేల లోపు అద్దె కట్టే కుర్రాడు, కొత్తగా పెళ్లైన జంట, వీళ్లలో ఎక్కువమంది తిరిగేది బండి మీదే. సర్వీసు రోడ్డు పట్టుకుని, రాత్రి తొమ్మిదింటికి లైట్లు లేని చోట్ల వెళ్లాలి. ఆడపిల్లలు అసలు ఒప్పుకోరు. అందుకే అక్కడ కొనాలంటే, మీ టెనెంట్‌కి కారు ఉండాలి అని లెక్కలోకి తీసుకోండి. కారున్నవాడు ఇంకొంచెం పెట్టి నల్లగండ్లలోనే ఉంటాడేమో కూడా చూసుకోండి.

అద్దె పక్కన ఆఫీసు ఉంటే చాలు అనేది కూడా పూర్తి నిజం కాదు. ఆదిభట్లలో టీసీఎస్ క్యాంపస్ ఉంది. అందులో పనిచేసేవాళ్లు చాలామంది ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు ఉండి వెళ్లి వస్తారు. ఎందుకంటే స్కూలు అక్కడ, హాస్పిటల్ అక్కడ, భార్య ఉద్యోగం ఇంకో వైపు. ఇంట్లో ఇద్దరూ పనిచేస్తే, ఇద్దరికీ మధ్యలో ఉండే చోటే అద్దెకి తీసుకుంటారు. కొండాపూర్, గచ్చిబౌలి పాత అపార్ట్‌మెంట్లు ఇప్పటికీ ఖాళీ ఉండకపోవడానికి ఇదే కారణం. చూడ్డానికి బాగుండవు, పార్కింగ్ ఇరుకు, లిఫ్టు మూలుగుతుంది. అయినా టు-లెట్ బోర్డు పెట్టిన వారానికి తీసేస్తారు.

ఇప్పుడు లెక్క. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ఫ్లాట్‌వి మీరు వేసుకోండి. కొండాపూర్ లోపలి సందులో పదేళ్ల పాత డబుల్ బెడ్రూమ్, 65 లక్షలు అనుకుందాం. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చులు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 4 లక్షల 88 వేలు. రంగులు, బాత్రూమ్ పనులు లక్షన్నర. మొత్తం 71 లక్షల 40 వేలు పడింది. అద్దె 24 వేలు. పన్నెండు నెలలకి గుణించకండి, పదకొండుకే గుణించండి. ఏడాదిలో ఒక నెల పోయినట్టే. 2 లక్షల 64 వేలు. ప్రాపర్టీ ట్యాక్స్, రిపేర్లు, బ్రోకర్, ఖాళీ నెలలో మెయింటెనెన్స్ కలిపి 35 వేలు తీసేస్తే 2 లక్షల 29 వేలు. అంటే 3.2 శాతం.

అదే కోకాపేటలో రెండు వేల అడుగుల త్రిబుల్ బెడ్రూమ్, ఓసీ వచ్చింది కాబట్టి జీఎస్టీ లేదు, కోటీ 80 లక్షలు అనుకోండి. రిజిస్ట్రేషన్ 13 లక్షల 50 వేలు. కబోర్డులు, కిచెన్ లేకపోతే ఆ రేంజ్ టెనెంట్ లోపలికే రాడు, దానికి 12 లక్షలు. 2 కోట్ల 5 లక్షలు దాటింది. అద్దె 60 వేలు వచ్చి, 90 వేలు ఖర్చు పోతే ఏడాదికి 5 లక్షల 70 వేలు. 2.8 శాతం కూడా లేదు. ఇక్కడ ఒక నెల ఖాళీ అంటే 60 వేలు పోయినట్టు, మెయింటెనెన్స్ అదనం.

అద్దెతో ఈఎంఐ కట్టేయొచ్చు అనుకునేవాళ్లకి ఒక మాట. 50 లక్షల లోను, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అయితే ఈఎంఐ దాదాపు 43 వేలు. అద్దె 24 వేలు. మిగతా 19 వేలు మీ జీతంలోంచి పోవాలి, ఏళ్ల తరబడి.

దీనికి ఇంకో కోణం, ఖాళీ నెలలు. కొత్త గేటెడ్ కమ్యూనిటీలో వెయ్యి ఫ్లాట్లు ఉన్నాయనుకోండి. తాళాలు అందరికీ ఇంచుమించు ఒకేసారి ఇస్తారు. అందులో మూడో వంతు పెట్టుబడికి కొన్నవాళ్లే అయితే, ఒకే నెలలో మూడు వందల ఫ్లాట్లు అద్దెకి వస్తాయి. మీ పక్కింటాయన అమెరికాలో ఉంటాడు, ఖాళీగా ఉంచడం ఎందుకని నాలుగు వేలు తగ్గించి ఇచ్చేస్తాడు. ఇక మీ రేటు కూడా అదే. పైగా ఆషాఢంలో తాళాలొస్తే మనవాళ్లు ఎవరూ సామాను దించరు, శ్రావణం దాకా ఆగుతారు. పిల్లలున్న కుటుంబాలు మార్చి నుంచి జూన్ మధ్యే మారతాయి. నవంబరులో ఖాళీ అయిన త్రిబుల్ బెడ్రూమ్ ఉగాది దాకా అలాగే కూర్చోవచ్చు. మన 24 వేల ఫ్లాట్‌లో ఒక నెల బదులు మూడు నెలలు ఖాళీ పడితే ఆ 3.2 కాస్తా రెండున్నరకి వస్తుంది.

అందుకని, కొనే ముందు ఆ ఏరియాకి ఆదివారం వెళ్లకండి. ఆదివారం అన్ని రోడ్లూ బాగుంటాయి. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఆ గేటు ముందు నుంచి ఆఫీసుల దాకా బండి మీద వెళ్లి చూడండి. మళ్లీ రాత్రి ఎనిమిదింటికి అదే టవర్ ఎదురుగా నిలబడి, లైట్లు వెలుగుతున్న ఇళ్లు ఎన్నో లెక్కపెట్టండి. నేను ఒకచోట పన్నెండు అంతస్తుల్లో లెక్కపెడితే సగం కూడా లేవు. ఏజెంట్ మాత్రం మొత్తం నిండిపోయింది అన్నాడు. అమ్ముడైపోయాయి అని అతని ఉద్దేశం, మనకి కావలసింది మనుషులు.

ఆ తర్వాత ఇస్త్రీ బండి అతన్ని అడగండి. ఏ బ్లాకులో ఎవరుంటున్నారో, ఎవరు ఖాళీ చేస్తున్నారో అతనికి తెలిసినట్టు సొసైటీ సెక్రటరీకి కూడా తెలియదు. వాచ్‌మన్‌ని ఒక్కటే అడగండి, ఏప్రిల్‌లో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి అని. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ వైపు కూడా మంచి అద్దెలున్నాయి, రేట్లు కొంచెం అందుబాటులో ఉంటాయి, కానీ నీళ్ల సంగతి బిల్డింగుకి బిల్డింగుకీ తేడా. మంజీర కనెక్షన్ ఉందా, బోరు మీదే నడుస్తోందా చూడండి. రెండు ఎండాకాలాలు ట్యాంకర్ డబ్బు కట్టిన టెనెంట్ మూడోదానికి ఉండడు.

కాగితాల గురించి ఇంతకుముందు వివరంగా చెప్పాను, ఇక్కడ ఒక్క ముక్క. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, నిషేధిత జాబితా చూస్తారు కదా, చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ కూడా చూడండి. 2024 జూలైలో హైడ్రా వచ్చాక ఇది మాటవరసకి చూసుకునే విషయం కాదు. వికారాబాద్ రోడ్డు, శంకర్‌పల్లి వైపు వెళ్తే జీవో 111 పరిధి కూడా చూసుకోవాలి, జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాలు అందులో ఉన్నాయి.

ఇక టీచరమ్మకి నేను చెప్పింది. ఆవిడకి కావలసింది ఆస్తి పెరగడం కాదు, ఈ నెల నుంచే డబ్బు రావడం. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 2023 ఏప్రిల్ నుంచి పరిమితి 30 లక్షలు, వడ్డీ 8.2 శాతం. 30 లక్షలు పెడితే మూడు నెలలకి 61,500 వస్తుంది. నెలకి 20 వేల పైనే. పన్ను ఉంటుంది, అసలు పెరగదు, అది నిజం. కానీ లిఫ్టు చెడిపోదు, టెనెంట్ ఖాళీ చేయడు. మిగతా 30 లక్షల్లో హాస్పిటల్ కోసం కొంత బ్యాంకులోనే ఉంచండి, ఇంటి మీద మనసుంటే పైది పెట్టి కరీంనగర్‌లోనే, మీరు నడిచి వెళ్లి చూసుకోగల దూరంలో చిన్న పోర్షన్ చూడండి అన్నాను. రియల్ ఎస్టేట్ గురించి చెప్పేవాడివి పోస్టాఫీసు చెప్తావేంటి అని మా టీమ్‌లో నవ్వారు. డయాలసిస్ ఖర్చుకి కొల్లూరు బోర్డుని నమ్ముకోమని నేను చెప్పలేను.

బయటి దేశాల్లో ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. మీరు ఎన్నారై అయితే, అద్దె ఎంత తక్కువైనా మీ టెనెంట్ అందులోంచి 30 శాతానికి పైగా టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. తర్వాత రిటర్న్ వేసి ఎక్కువైంది వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ చాలామంది టెనెంట్లకి ఈ విషయమే తెలియదు, తెలిశాక తలనొప్పి ఎందుకని ఇంకో ఫ్లాట్ చూసుకుంటారు. అద్దె మాట్లాడే రోజే ఇది చెప్పేసి, ఆ పని చేసిపెట్టే ఆడిటర్ నంబరు కూడా వాళ్లకి ఇచ్చేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో పదకొండు నెలల అగ్రిమెంట్ ఎందుకు రాస్తారు, అందులో ఏమేం ఉండాలి అనేది చూద్దాం.