‘విడిపోయారు’ అన్న మాట, కుటుంబ పింఛను
(వార్డు సభలో చేసిన ప్రసంగ పాఠం)



నగరపాలక పత్రాలను మరాఠీ నుండి తెలుగులోకి మార్చడం నా ఉద్యోగం. కుటుంబ పింఛను నిబంధనల సారాంశాన్ని అనువదిస్తున్న రోజులలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది. ‘న్యాయస్థానం వేర్పాటు మంజూరు చేసిన భార్య’ అని వ్రాయవలసిన చోట ‘విడాకులు పొందిన భార్య’ అని వ్రాశాను. అచ్చుకు పోకముందే సహోద్యోగి పట్టుకున్నారు. లేనిచో, హక్కు లేనివారికి హక్కున్నదని మన పుస్తకమే చెప్పి ఉండేది.

తప్పు నాదే. కాని దాని మూలం మన వాడుకలోనూ ఉన్నది. షోలాపూర్ తెలుగు ఇండ్లలో ‘వేరే ఉంటున్నారు’, ‘విడిచిపెట్టినాడు’, ‘సోడ్‌చిఠ్ఠీ అయింది’ అన్న మాటలు ఇంచుమించు ఒకే అర్థంలో వినిపిస్తాయి. పింఛను కార్యాలయానికి అవి ఒకటి కావు.

రైల్వే ఉద్యోగినే తీసుకుందాం. మన ఊరు మధ్య రైల్వేలో ఒక డివిజను కేంద్రం గనుక ఇది చాలా ఇండ్ల సంగతి. పాత పింఛను పద్ధతిలో ఉన్న ఉద్యోగి మరణిస్తే భార్యకు లేక భర్తకు చివరి మూలవేతనంలో 30 శాతం కుటుంబ పింఛనుగా వస్తుంది. ఏడవ వేతన సంఘం తరువాత దాని కనీస మొత్తం నెలకు 9,000 రూపాయలు. కరవు భత్యం దీనికి అదనం.

దంపతులు ఇరవై ఏండ్లుగా వేర్వేరు ఊళ్లలో ఉన్నప్పటికీ, విడాకులు కానంతవరకు వివాహం నిలిచే ఉన్నది, పింఛను హక్కూ నిలిచే ఉన్నది. భర్త కోపంతో కార్యాలయంలో తమ్ముని పేరు వ్రాయించినా, వీలునామా వ్రాసినా అది మారదు. ఒక రైల్వే ఉద్యోగి విషయంలో ఈ తగవే సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. కుటుంబ పింఛను మరణించినవాని ఆస్తి కాదనీ, దానిని వీలునామా ద్వారా ఇతరులకు ఇవ్వజాలడనీ 1991లో తీర్పు వచ్చింది.

హిందూ వివాహ చట్టం 10వ సెక్షను కింద న్యాయస్థానం ఇచ్చే వేర్పాటులో కాపురం విడిపోతుంది గాని వివాహం మిగులుతుంది. అందుచేత ‘కుటుంబం’ అన్న నిర్వచనంలో వీరికి చోటున్నది. వ్యభిచార కారణంతో వేర్పాటు మంజూరై, బ్రతికి ఉన్నవారే దోషులని తేలినచో మాత్రం లేదు. అయితే దీనిని శాశ్వత రక్షణగా భావించరాదు. ఆ డిక్రీ తరువాత ఏడాదిపాటు తిరిగి కలిసి ఉండకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు కోరవచ్చు.

విడాకులతో ఈ హక్కు ముగుస్తుంది. తండ్రి పింఛనుపై పిల్లలకున్న హక్కు ముగియదు. పరస్పర అంగీకారంతో విడాకులకు సంతకం చేయబోయే తల్లులకు నేను ప్రత్యేకంగా చెప్పదలచినది ఇది: భరణం మాట్లాడుకునే నాడు, పోతున్న పింఛనును కూడా లెక్కలోకి తీసుకోండి. నెలకు 9,000 అంటే ఏడాదికి 1,08,000 రూపాయలు. ఒకేసారి చేతికి వచ్చే రెండు లక్షలు పెద్ద మొత్తంగా కనిపిస్తాయి. అవి రెండేండ్ల కనీస పింఛనుకు కూడా సరిరావు.

ఇక సోడ్‌చిఠ్ఠీ మాట. పెద్దమనుషుల ఎదుట ముద్రపత్రం మీద వ్రాసుకున్నంత మాత్రాన విడాకులు అయినట్లు కాదు. కులాచారం ప్రకారం విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షను కాపాడిన మాట నిజమే. కాని అట్టి ఆచారం తమలో ఉన్నదని, దాని ప్రకారమే విడిపోయారని వాదించేవారే రుజువు చేయాలి. 2002లో సర్వోన్నత న్యాయస్థానం ఈ సంగతి స్పష్టం చేసింది. కనుక ఎవరో ఆ కాగితం చూపి ‘నీకేమీ రాదు’ అన్నారని దరఖాస్తు చేయక మానుకోవద్దు. అదే కాగితాన్ని నమ్ముకొని మరొక వివాహానికి సిద్ధపడవద్దు. మొదటి వివాహం నిలిచి ఉండగా చేసుకున్న రెండవ వివాహం చెల్లదు. ఆ భార్యకు కుటుంబ పింఛను రాదు, ఆమె పిల్లలకు మాత్రం వాటా ఉంటుంది.

నిబంధన స్త్రీకి ఎదురు తిరిగిన సందర్భమూ ఉన్నది. ఉద్యోగిని మరణిస్తే, వేరుగా ఉంటున్న భర్తకే పింఛను చెందుతుందని, నామినేషను దానికి అడ్డు కాదని 1999లో తీర్పు వచ్చింది. హింస భరించలేక బయటికి వచ్చిన స్త్రీకి ఇది ఎంత కష్టంగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. 2024 జనవరి 1 నాటి కేంద్ర ఉత్తర్వు దీనికి కొంత ఉపశమనం. విడాకుల వ్యాజ్యం గాని, గృహహింస లేక వరకట్న చట్టాల కింద కేసు గాని నడుస్తుండగా, కేంద్ర ఉద్యోగిని తన భర్తకంటె ముందు అర్హులైన పిల్లలకు పింఛను ఇవ్వవలసిందని లిఖితపూర్వకంగా కోరవచ్చు. ఆ లేఖ ఆమె బ్రతికుండగానే కార్యాలయానికి చేరాలి.

రాష్ట్ర ఉద్యోగులకు 1982 నాటి మహారాష్ట్ర పింఛను నిబంధనలు వర్తిస్తాయి. 2005 నవంబరు 1 నుండి ఉద్యోగంలో చేరినవారి పద్ధతి వేరు, వారు తమ కార్యాలయంలో విడిగా విచారించుకోవాలి.

బీడీలు చుట్టే తల్లులకు ఒక మాట. మీకు భవిష్యనిధి చట్టం వర్తిస్తుంది. పదేండ్ల సర్వీసు ఉంటే 58 ఏండ్లకు వచ్చే పింఛను మీ స్వంతం. భర్తతో ఉన్నా, విడిపోయినా అది మారదు. కనీస మొత్తం 2014 నుండి 1,000 రూపాయలే. అది చాలదని మీరంటారు, నేనూ అంటాను. భర్త సభ్యుడై ఉండి మరణిస్తే వచ్చే వితంతు పింఛను వేరు, అది పునర్వివాహంతో ఆగిపోతుంది.

వివాహ ధ్రువపత్రం, పిల్లల జనన పత్రాలు, పింఛను చెల్లింపు ఉత్తర్వు నకలు, న్యాయస్థానానికి వెళ్లినవారైతే డిక్రీ ధ్రువీకృత ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి. మీ ముందున్న కాగితం వేర్పాటుదో విడాకులదో తెలియకపోతే, సంతకానికి ముందే జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థలో చూపించండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ న్యాయసహాయం ఉచితం.