వాక్యాన్ని కర్ర చెయ్యకండి
(దళిత క్రైస్తవుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, అన్నలారా, సంఘ పెద్దలారా! ప్రభువు నామంలో వందనాలు. జై భీమ్.

ఈ రెండు పలకరింపులూ ఒకే నోట రాకూడదనే పాస్టర్లు మన పల్లెల్లో ఉన్నారు. అంబేద్కర్ విగ్రహానికి దండ వేస్తే విగ్రహారాధన అని నిర్గమకాండము 20 తీసి చూపిస్తారు. కూలి పెంచమని పోరాటానికి పోతే రోమా పత్రిక 13 చదివి అధికారులకు లోబడమంటారు. ఆడమనిషి లేచి మాట్లాడితే 1 తిమోతి 2. డప్పు పట్టుకుంటే దయ్యాల పని. మాట వినని వాళ్లకు ప్రభువు బల్ల తప్పిస్తారు. ఊరు మనల్ని బావి దగ్గర ఆపింది. వీళ్లు బల్ల దగ్గర ఆపుతున్నారు!

బైబిలును తిట్టడానికి నేను రాలేదు. మొత్తం చదవమని అడగడానికి వచ్చాను.

మన ముసలమ్మల చేతుల మీద పచ్చబొట్లు చూసి లేవీయకాండము 19వ అధ్యాయం 28వ వచనం ఎత్తి చూపుతారు. అదే అధ్యాయంలో పదిహేను వచనాలు పైకి పోండి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని 13వ వచనం చెబుతోంది. 25వ అధ్యాయం బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దంటోంది. యాభయ్యో ఏట ఎవరి భూమి వాళ్లకు తిరిగి పోవాలంటోంది. పచ్చబొట్టు కనపడిన కంటికి ఇవెందుకు కనపడవు? వడ్డీ వ్యాపారం చేసే పెద్దమనిషికి బల్ల తప్పించిన సంఘాన్ని మీలో ఎవరన్నా చూశారా?

పెళ్లి ప్రకటనల్లో ‘రెడ్డి క్రైస్తవులు’, ‘కమ్మ క్రైస్తవులు’ అని వేసుకునేవాళ్లకు ఏ వాక్యమూ అడ్డం రాదు. క్రీస్తులో దాసుడని, స్వతంత్రుడని, ఆడ అని, మగ అని తేడా లేదన్న గలతీ 3:28 అక్కడ నోరు మూసుకుంటుంది. మాలలకో గుడి, మాదిగలకో గుడి కట్టుకున్న చోట మన దగ్గర కూడా మూసుకుంటుంది. ఈ మాట మనం మనకే చెప్పుకోవాలి.

ఆడవాళ్లను మాట్లాడనివ్వని వాళ్లు యోహాను 20 చదవాలి. ప్రభువు లేచాడన్న కబురు మగ శిష్యులకు మోసింది మగ్దలేనే మరియ. డప్పు వద్దనేవాళ్లు 150వ కీర్తన చదవాలి. వాయిద్యాలతో, నాట్యంతో దేవుణ్ణి స్తుతించమనే కదా అక్కడున్నది! మన పల్లెల్లో పుట్టిన హిజ్రా బిడ్డలను వెళ్లగొట్టేవాళ్లు ద్వితీయోపదేశకాండము 23 చూపిస్తారు. నపుంసకులకు దేవుని ఇంట్లో చోటుందన్న యెషయా 56 చూపించరు. ఐతియొపీయుడైన నపుంసకుడికి ఫిలిప్పు దారిలోనే బాప్తిస్మమిచ్చిన అపొస్తలుల కార్యములు 8 చూపించరు.

ఈ కోత కొత్తది కాదు. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చువేశారు. వెస్టిండీస్ దీవుల్లోని నల్లజాతి బానిసల కోసం వేసిన బైబిలది. యజమానులకు లోబడమన్న ఎఫెసీ 6 అందులో ఉంది. ఐగుప్తు దాస్యం నుంచి మోషే జనాన్ని విడిపించిన కథ లేదు. గలతీ 3:28 లేదు. 1845లో అమెరికా బాప్తిస్టులు రెండుగా చీలారు. బానిసల యజమానులను మిషనరీలుగా పంపడం కుదరదన్నందుకు దక్షిణాది వాళ్లు వేరుపడ్డారు. వాళ్లు తప్పు ఒప్పుకున్నది 1995లో. నూటయాభై ఏళ్లు పట్టింది! లండన్ వాళ్లు కత్తిరించి అచ్చువేశారు. మన దగ్గర పుస్తకం నిండుగానే ఉంది, చదివే నోరే కత్తిరిస్తోంది.

ఒంగోలు సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. 1866లో జాన్ క్లౌ దొర అక్కడికి వచ్చినప్పుడు, మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు అన్నారు. ఆయన 1 కొరింథీ 1 తీసి చదువుకున్నాడు. లోకం నీచులన్నవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని అందులో ఉంది. ఆయన మాదిగల పక్షాన నిలబడ్డాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. తలుపు తెరవడానికి కూడా వాక్యమే పనికొచ్చింది.

‘మీరూ మీకు నచ్చిందే ఏరుకుంటున్నారు గదా’ అంటారు. ఏ వాక్యం బరువైనదో ప్రభువే చెప్పాడు. మత్తయి 23:23 చూడండి. పుదీనాలో కూడా దశమభాగం లెక్కగట్టి న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టిన వాళ్లను ఆయన గద్దించాడు. లూకా 4లో నజరేతు సమాజమందిరంలో ఆయన యెషయా గ్రంథం చదివాడు. బీదలకు సువార్త, చెరలో ఉన్నవాళ్లకు విడుదల అని చదివి గ్రంథం చుట్టేశాడు. ఆ వెంటనే యెషయా 61లో ప్రతిదండన దినం గురించి ఉంది. అది చదవలేదు. విడుదల దగ్గర ఆగాడు ప్రభువు. మన బోధకులు విడుదల దాటేసి దండన దగ్గరే మొదలుపెడుతున్నారు!

బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని ఎందుకు తగలబెట్టించాడు? మనిషికో న్యాయం చెప్పినందుకు. బైబిలును ఇంకో మనుస్మృతిగా మారిస్తే, ఆ పాపం పుస్తకానిది కాదు, మార్చినవాళ్లది.

అందుకని చెయ్యాల్సిన పని చెబుతాను. గుళ్లో వాక్యంతో ఎవరినన్నా నిందిస్తుంటే, బైబిలు చేతపట్టుకుని మర్యాదగా అడగండి. అయ్యా, పైన ఏముంది? కింద ఏముంది? ఇదే వాక్యం డబ్బున్నవాడికి ఎప్పుడన్నా చదివారా? చదువురాని అమ్మలకు పిల్లలు రాత్రిపూట చదివి వినిపించండి. వచ్చే ఆదివారం యాకోబు పత్రిక 5వ అధ్యాయం 4వ వచనం చదవమని పాస్టరు గారిని అడగండి. చేలు కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతోందని అక్కడ రాసి ఉంది. చేలు కోసింది మనమే. ఆ వాక్యం మనది.

జై భీమ్.