ఎదుటివారి కంటితో చూడడం: ఆటిజం గల పిల్లలకు ఇంటి భాషలో బోధన
(ఉపన్యాస పాఠం)



ఎదుటివారికి ఏమి కనిపిస్తున్నది, వారేమి అనుకొంటున్నారు అన్న గ్రహింపు చాలామంది పిల్లలకు ఎవరూ నేర్పకుండానే అలవడుతుంది. ఆటిజం గల పిల్లలలో అనేకులకు దానిని ప్రత్యేకంగా నేర్పవలసి ఉంటుంది.

1985లో లండన్‌లో సైమన్ బారన్-కోహెన్, అలాన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ దీనిని ఒక బొమ్మలాటతో పరీక్షించారు. శాలీ అనే బొమ్మ తన గోళీని బుట్టలో దాచి బయటికి వెళుతుంది. యాన్ అనే బొమ్మ దానిని పెట్టెలోకి మారుస్తుంది. తిరిగివచ్చిన శాలీ ఎక్కడ వెదుకుతుంది? ఆటిజం గల 20 మంది పిల్లలలో 16 మంది బుట్టను చూపలేదు. తమకు తెలిసిన సంగతి శాలీకి తెలియదని వారు గుర్తించలేకపోయారు.

ప్రవర్తనా విశ్లేషణ పద్ధతి ఈ నైపుణ్యాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీస్తుంది. ఒక అట్టకు ఒకవైపు మామిడిపండు, రెండవవైపు చిలుక బొమ్మ ఉంటాయి. తల్లీ బిడ్డా ఎదురెదురుగా కూర్చుంటారు. “నీకేమి కనిపిస్తున్నది? నాకేమి కనిపిస్తున్నది?” అని తల్లి అడుగుతుంది. బిడ్డ తడబడితే అట్టను తిప్పి చూపుతుంది. సరిగా చెప్పిన వెంటనే మెచ్చుకొని, ఇష్టమైన ఆటవస్తువును అందిస్తుంది. క్రమంగా సాయం తగ్గిస్తూ, బొమ్మలనూ మనుషులనూ చోట్లనూ మారుస్తారు. లేకుంటే నేర్చినది ఒక్క అట్టకే పరిమితమవుతుంది. తరువాతి మెట్టులో బిస్కెట్ల డబ్బాలో గుండీలు ఉంచి, “డబ్బా తెరవని తమ్ముడు లోపల ఏముందనుకొంటాడు?” అని అడుగుతారు.

ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఒక సందేహం కలుగుతుంది. బడిలో కన్నడమో ఇంగ్లీషో, ఇంట్లో తెలుగు. బిడ్డ గందరగోళపడతాడేమోనని కొందరు తెలుగునే మానివేస్తారు. రెండు భాషలు వినడం ఆటిజం గల పిల్లల భాషాభివృద్ధికి హాని చేస్తుందని పరిశోధనలు చూపలేదు. పైగా ఈ బోధనకు తెలుగు చక్కగా ఉపకరిస్తుంది. కన్నడంలో ‘నావు’, ఇంగ్లీషులో ‘వుయ్’ ఒక్కొక్క మాటే. తెలుగులో ‘మేము’, ‘మనము’ వేరు. “మేము బజారుకు వెళుతున్నాము” అంటే బిడ్డ ఇంట్లో ఉండాలి. “మనము” అంటే చెప్పులు తొడుక్కోవాలి. మాట్లాడేవారు తనను కలుపుకొన్నారా లేదా అని బిడ్డ ఆలోచించవలసిందే. రోజూ గుమ్మం వద్దనే ఈ పాఠం సాగించవచ్చు. ఇంటి భాష తెలుగని నిపుణులకు మొదటి రోజే తెలపాలి.

అర్థం చేసుకొనే బాధ్యత బిడ్డది మాత్రమే కాదు. ఈ అపార్థం ఇరువైపులా ఉన్నదని, స్వయంగా ఆటిజం గల పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో వాదించారు. మిక్సీ తిరుగుతుండగా బిడ్డ చెవులు మూసుకొంటే, ఆ శబ్దం ఆ చెవులకు ఎట్లా వినిపిస్తున్నదో ఊహించడం పెద్దలు నేర్వవలసిన పాఠం.